మత్తు ఇచ్చు నర్సు చదువు: ఏ అర్హతలు కావలెను? మన నిచ్చెన ఎక్కడ?

(బస్తరు ప్రాంతపు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబములు బాసగూడలో జరుపుకొన్న సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీరు మాకు ఒక ప్రశ్న పంపి, దానికి సమాధానము ఈ సభలో చెప్పవలసినదిగా కోరినారు. "శస్త్రచికిత్స జరుగునప్పుడు రోగికి మత్తు ఇచ్చు పని అమెరికాలో నర్సులు కూడ చేయుదురట. ఆ చదువునకు పోవలెనన్న నర్సుకు ఏ అర్హతలు కావలెను? మన పిల్లలకు ఆ దారి కలదా?" ఇది ఒక కుటుంబపు ప్రశ్న వలె కనబడును గాని, ఒక కుటుంబముతో తీరునది కాదు. అందుచేత మేము దీనికి రెండు సమాధానములు చెప్పదలచితిమి. మొదటిది ఆ చదువునకు కావలసిన అర్హతల జాబితా. రెండవది ఆ జాబితా మన దేశపు నర్సుకు చెప్పుచున్న నిజము.

బాసగూడలో ఈ ప్రశ్న ఎందుకు పుట్టినది?

ఈ ఊరి ప్రక్కన పారు తాలిపేరు దిగువకు పోయి, చర్ల వద్ద మన తెలుగు పొలములకు నీరిచ్చి, గోదావరిలో కలియుచున్నది. నీటికి సరిహద్దు లేదు. రోగమునకును లేదు. 2005వ సంవత్సరము తరువాతి అల్లకల్లోలపు దినములలో ఈ చుట్టుపట్ల గ్రామములు ఖాళీయై, వేలాది మంది నాటి ఖమ్మం జిల్లాకు నడచిపోయిరి. నేటికిని ఇక్కడి రోగులలో అనేకులు భద్రాచలము ఏరియా ఆసుపత్రిని ఆశ్రయించుచున్నారు. మన రైల్వే సోదరులు కిరండూలు వరకు ఖనిజపు బండ్లు నడుపుచున్నారు గాని, బీజాపూరు జిల్లాకు నేటికిని రైలు మార్గము లేదు. ఇక్కడి నుండి జిల్లా కేంద్రము సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ పని కాకున్న, జగదల్‌పూరు వైద్య కళాశాల ఆసుపత్రికి ఇంకను 150 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము.

ఒక తల్లికి ప్రసవము అడ్డము తిరిగినదనుకొనుడు. కడుపు కోసి బిడ్డను తీయవలెను. అందుకు కోయగల డాక్టరు ఒక్కరు చాలరు. ఆమెకు నొప్పి తెలియకుండ చేసి, కోయుచున్నంత సేపు ఆమె ఊపిరిని, రక్తపు పోటును, గుండె నడకను కనిపెట్టుచుండు రెండవ మనిషి కావలెను. ఆ రెండవ మనిషి లేకున్న మొదటి మనిషి చేతులు కట్టుబడియే యుండును. ఆసుపత్రి భవనము ఉన్నది, బల్ల ఉన్నది, దీపము ఉన్నది, కత్తి ఉన్నది. అయినను రోగిని వేరొక ఊరికి పంపుదురు. బండికి ఇంజను తగిలించి, సిగ్నలు దించి, గార్డు లేడని స్టేషనులో నిలిపివేసినట్లే యుండును.

2015లో లాన్సెట్ పత్రిక నియమించిన అంతర్జాతీయ సంఘము, ప్రపంచమున 500 కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స, మత్తు సౌకర్యము సకాలమున అందుబాటులో లేవని ప్రకటించినది. ఏ మనిషికైనను రెండు గంటల ప్రయాణములో మూడు శస్త్రచికిత్సలు లభింపవలెనని అది చెప్పినది. ఒకటి సిజేరియను, రెండు కడుపు ఆపరేషను, మూడు ఎముక విరిగి చర్మము చీల్చుకొని వచ్చినప్పుడు చేయు చికిత్స. ఈ మూడింటికిని మత్తు కావలెను. కనుక మత్తు ఇచ్చువారు ఎవరు, వారిని ఎట్లు తయారు చేయవలెను అను ప్రశ్న, ఈ అడవి అంచు గ్రామమునకు ప్రాణముల ప్రశ్న.

మత్తు ఇచ్చుట అనగా నేమి?

చాలమంది మత్తు అనగా ఒక సూది వేయుటయని తలంతురు. సూది వేయుట ఆ పనిలో చిన్న భాగము. సిజేరియనుకు తరచుగా నడుము వెన్నులో సన్నని సూదితో మందు ఎక్కించుదురు. నడుము క్రింద భాగము మొద్దుబారును. తల్లి మెలకువగనే యుండును. కాని ఆ మందు వలన రక్తనాళములు సడలి, కొన్ని నిమిషములలోనే రక్తపు పోటు పడిపోవచ్చును. అప్పుడు సెలైను పెంచవలెనా, పోటు ఎక్కించు మందు ఎంత ఇవ్వవలెను, తల్లిని ఏ ప్రక్కకు వంచవలెను అని అక్కడికక్కడ నిర్ణయింపవలెను. పూర్తిగా మత్తు ఇచ్చినప్పుడు రోగి తనంతట తాను ఊపిరి తీయలేకపోవచ్చును. గొంతులో గొట్టము పెట్టి ఊపిరి నడపవలెను. కడుపులోని ఆహారము పైకి తన్ని ఊపిరితిత్తులలో పడకుండ చూడవలెను. అనగా మత్తు ఇచ్చుట ఒక క్షణపు పని కాదు, కోత మొదలు మెలకువ వరకు సాగు కావలి పని. అందుచేతనే అర్హతల విషయములో ఏ దేశమును చులకన చేయదు. మనమును చేయరాదు.

నర్సుల చేతిలో మత్తు: ఒక చిన్న చరిత్ర

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు మత్తును బహిరంగముగా ప్రదర్శించిరి. మరుసటి ఏట స్కాట్లండులో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చినది. ఆ క్లోరోఫారము గుండెను ముందు ఆపునా, ఊపిరిని ముందు ఆపునా అను వివాదమును తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో పరిశోధనా సంఘములు కూర్చున్నది ఎక్కడనో కాదు, మన హైదరాబాదులో. నిజాము ధన సహాయముతో డాక్టరు ఎడ్వర్డు లారీ వాటిని నడిపెను. ఆ హైదరాబాదు వైద్య పాఠశాలలోనే చదివి, క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరి, 1917 వరకు నగరపు ఆసుపత్రులలో సేవ చేసిన డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీని, ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలని పలువురు చరిత్రకారులు పేర్కొనుచున్నారు.

అమెరికాలో దారి వేరుగ నడచినది. అక్కడ 1877లో ఈరీ అను పట్టణపు ఆసుపత్రిలో సిస్టరు మేరీ బెర్నార్డు అను సన్యాసిని మత్తు ఇచ్చు పని చేపట్టినది. మేయో సోదరుల ఆసుపత్రిలో ఆలిస్ మాగా అను నర్సు, తాను ఇచ్చిన 14,000కు పైబడిన మత్తులలో మత్తు కారణముగా ఒక్క మరణము కూడ సంభవింపలేదని 1906లో ప్రకటించినది. అంతట "ఇది వైద్యుల పని, నర్సులు చేయరాదు" అని కొందరు వైద్యులు న్యాయస్థానములకు ఎక్కిరి. కెంటకీ రాష్ట్రమున 1917లోను, కాలిఫోర్నియాలో 1936లోను తీర్పులు నర్సుల పక్షముననే వచ్చినవి. ఈ మధ్యలో 1931లో అగాథా హాడ్జిన్స్ నాయకత్వమున మత్తు నర్సులు తమ జాతీయ సంఘమును స్థాపించుకొని, పాఠశాలలకు ప్రమాణములను, పరీక్షలను తామే కోరి తెచ్చుకొనిరి. ఇచ్చట మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. వారు హక్కుతో బాటు పరీక్షను కూడ అడిగిరి. పరీక్ష లేని హక్కు నిలువదని వారికి తెలియును.

అమెరికా పాఠశాల అడుగు అర్హతలు

ఇక మీరు అడిగిన జాబితాను వరుసగా చెప్పెదము.

మొదటిది, పట్టా. నర్సింగులో గాని, పాఠశాల అంగీకరించు తత్సమానమైన విషయములో గాని బాచిలరు డిగ్రీ ఉండవలెను. డిప్లొమా మాత్రము చాలదు. చాల పాఠశాలలు 4 పాయింట్ల కొలతలో కనీసము 3 పాయింట్ల సగటు మార్కులు అడుగును. రసాయన శాస్త్రము, శరీర ధర్మ శాస్త్రము, గణాంక శాస్త్రములలో మార్కులను ప్రత్యేకముగ చూచును.

రెండవది, లైసెన్సు. అక్కడి రాష్ట్రములలో రిజిస్టర్డు నర్సుగా పనిచేయుటకు చెల్లుబాటగు లైసెన్సు ఉండవలెను. విదేశపు నర్సు అయినచో చదువు పత్రముల మదింపు, ఆంగ్ల భాషా పరీక్ష, ఎన్‌క్లెక్స్ అను లైసెన్సు పరీక్ష దాటవలెను.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఐ.సి.యు. అనుభవము. అత్యవసర రోగుల వార్డులో కనీసము ఒక పూర్తి సంవత్సరము పని చేసి యుండవలెను. చాలమంది రెండు మూడేండ్లు చేసిన తరువాతనే సీటు పొందుదురు. ఎందుకీ నియమము? వెంటిలేటరు నడిపిన చేయి, రక్తనాళములో గొట్టము పెట్టి పోటును కొలుచు యంత్రమును చదివిన కన్ను, గుండెకు బలమిచ్చు మందును చుక్క చుక్కగా సవరించిన బుద్ధి ముందే ఉన్నచో, పాఠశాల దానిపై కట్టగలదు. పునాది లేని చోట గోడ లేపదు.

నాలుగవది, ధ్రువపత్రములు. ప్రాథమిక ప్రాణరక్షణ, పెద్దలకు ఉన్నత ప్రాణరక్షణ, పిల్లలకు ఉన్నత ప్రాణరక్షణ అను శిక్షణలు పొంది యుండవలెను. పెక్కు పాఠశాలలు సి.సి.ఆర్.ఎన్. అను అత్యవసర నర్సింగు పరీక్షను కూడ కోరును. ఆ పరీక్షకు కూర్చొనుటకే, ముందటి రెండేండ్లలో 1,750 గంటలు విషమ స్థితిలో ఉన్న రోగుల ప్రక్కన పనిచేసి యుండవలెనను మార్గము కలదు.

ఐదవది, చూచి నేర్చిన అనుభవము. మత్తు ఇచ్చువారి వెంట కొన్ని దినములు ఆపరేషను గదిలో నిలిచి, ఆ పని ఎట్టిదో చూచి రావలెనని, పై అధికారుల సిఫారసు లేఖలు తేవలెనని, ముఖాముఖి పరీక్షకు రావలెనని అడుగుదురు.

ఇవి అన్నియు లోనికి ప్రవేశించుటకు మాత్రమే. ప్రవేశించిన తరువాత కనీసము 36 నెలల చదువు. 2022 జనవరి 1 నుండి అక్కడ చేరు ప్రతి విద్యార్థియు డాక్టరేటు స్థాయి కోర్సులోనే చేరవలెను. చదువు ముగియు లోపల కనీసము 600 మంది రోగులకు మత్తు ఇచ్చి యుండవలెను, 2,000 గంటల ఆసుపత్రి శిక్షణ పూర్తి చేయవలెను. అటు పిమ్మట జాతీయ ధ్రువీకరణ పరీక్ష. అది దాటినవారే సి.ఆర్.ఎన్.ఏ. అని పేరు వెనుక వ్రాసుకొందురు.

మన పిల్లలకు ఇందులో ఏది చెల్లును, ఏది చెల్లదు?

ఇచ్చట మేము మిమ్ములను హెచ్చరింపవలసి యున్నది. జాబితాలో చిన్న అక్షరములలో ఒక నియమము కలదు. ఆ ఐ.సి.యు. అనుభవము అమెరికా దేశములోనో, దాని ఆధీన ప్రాంతములలోనో, విదేశములందలి ఆ దేశపు సైనిక ఆసుపత్రులలోనో చేసినదై యుండవలెను. అనగా విశాఖలో గాని, హైదరాబాదులో గాని, రాయపూరులో గాని పదేండ్లు ఐ.సి.యు.లో రాత్రి డ్యూటీలు చేసిన నర్సు, ఆ సర్వీసును అక్కడ లెక్కలో చూపలేదు. ఆమె ముందు అక్కడ నర్సుగా చేరి, మరల సంవత్సరము పని చేసి, అప్పుడు దరఖాస్తు పెట్టుకొనవలెను. వీసాకు వేచి యుండు సంవత్సరములు వేరు. చదువునకగు ఖర్చు వేరు. ఆ చదువు చదువుచు ఉద్యోగము చేయుట బహు కష్టము.

ఇది విని నిరాశ పడవలదు. అయితే తలుపు తెరచి యుంచుకొనుటకు చేయవలసిన పనులు ఇంటర్మీడియటు నాడే మొదలగును. బి.యస్.సి. నర్సింగునకు ఇంటరులో భౌతిక, రసాయన, జీవ శాస్త్రములు, ఆంగ్లము ఉండవలెను. కనీస మార్కులు 45 శాతము. షెడ్యూల్డు కులముల, తెగల వారికి 5 శాతము సడలింపు కలదు. చదువు నాలుగేండ్లు. జి.ఎన్.ఎం. డిప్లొమాకు ఏ గ్రూపు చదివినవారైనను పోవచ్చును, మూడేండ్లలో ముగియును, ఉద్యోగము త్వరగా వచ్చును. రైల్వే నియామక బోర్డు నర్సింగు సూపరింటెండెంటు ఉద్యోగమునకు రెండింటినీ అంగీకరించుచున్నది. కాని డిప్లొమాతో ఆగిన అమ్మాయికి పై చదువుల తలుపులు మూసియుండును. ఆమె మరల రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.యస్.సి. చేసినగాని అవి తెరచుకొనవు. ఇంటిలో స్తోమత లేక డిప్లొమా చదివిన బిడ్డను మేము తక్కువ చేయుట లేదు. ఆమెకు రెండవ మెట్టు కలదని, దానిని ఎక్కించు బాధ్యత మనదని చెప్పుచున్నాము.

ఈ ప్రాంతపు పిల్లలకు మరియొక కష్టము కలదు. ఇంటిలో దోర్లీయో, గోండియో, తెలుగో, బడిలో హిందీ, నర్సింగు పుస్తకములన్నియు ఆంగ్లము. మూడు భాషలు దాటి వచ్చిన పిల్ల మొదటి సంవత్సరమున తడబడిన, అది తెలివి తక్కువ కాదు. ఆంగ్లము నేర్పు ఏర్పాటు మొదటి ఏటనే జరుగవలెను.

ఇంకొక మాట. కొన్ని నెలలలో మత్తు ఇచ్చు డిప్లొమా ఇప్పించెదమని చెప్పు ప్రకటనలు చూచి మోసపోవలదు. ఎనస్థీషియా టెక్నాలజీ అను డిగ్రీ వేరు. అది యంత్రములను, మందులను సిద్ధము చేసి మత్తు వైద్యునకు సహాయపడు వృత్తి. అట్టి వృత్తుల క్రమబద్ధీకరణకు పార్లమెంటు 2021లో ప్రత్యేక చట్టము చేసినది. ఆ డిగ్రీతో అమెరికా మత్తు నర్సు పాఠశాలకు పోవుటకు వీలులేదు. ఏ కోర్సులో చేరినను, దానిని ఏ కౌన్సిలు గుర్తించినదో చూచి, ఆ తరువాతనే ఫీజు కట్టవలెను.

మన దేశమున తలుపు ఎక్కడ?

ఇప్పుడు రెండవ సమాధానము. మన దేశమున నర్సు స్వతంత్రముగ మత్తు ఇచ్చు వృత్తి లేదు. ఆ పని మత్తు వైద్యమున పి.జి. చదివిన డాక్టర్లది. వారు పట్టణములను వీడి రాకుండుట చేత, గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద ఎం.బి.బి.యస్. డాక్టర్లకు 18 వారముల మత్తు శిక్షణ ఇచ్చి, ప్రసవపు అత్యవసరములకు వినియోగించు పథకము పెట్టిరి. మంచిదే. కాని ఆ డాక్టరు బదిలీ అయిన నాడు, పి.జి. సీటు వచ్చి వెడలిన నాడు, ఆసుపత్రి మరల మొదటికి వచ్చును. ఆ ఆసుపత్రిలో ఏండ్ల తరబడి నిలిచి యుండునది నర్సు. ఆమెకు మాత్రము ఆ తలుపు లేదు.

దానికి మిక్కిలి దగ్గరగా వచ్చు చదువు ఒకటి కలదు. భారత నర్సింగు మండలి రూపొందించిన క్రిటికల్ కేరు నర్సు ప్రాక్టీషనరు అను రెండేండ్ల పి.జి. కోర్సు. దానికి బి.యస్.సి. నర్సింగులో 55 శాతము మార్కులు, రిజిస్ట్రేషను, కనీసము ఒక సంవత్సరపు ఆసుపత్రి అనుభవము కావలెను. ఆ అనుభవము ఐ.సి.యు.లో అయిన మంచిది. అమెరికా పాఠశాల ద్వారము వద్ద అడుగు అర్హతలకును దీనికిని ఎంత పోలికయో చూడుడు! పట్టా, లైసెన్సు, ఐ.సి.యు. పడక ప్రక్కన గడిపిన కాలము. ద్వారము వద్ద నిలిచిన ఇద్దరు నర్సులును ఒక్క తీరు వారే. అక్కడ ఒకరికి ఆపరేషను గది తలుపు తెరచుకొనును. ఇక్కడి నర్సుకు ఈ కోర్సు మత్తు ఇచ్చు అధికారమును ఇవ్వదు. తేడా నర్సు తెలివిలో లేదు, చట్టములోను ఏర్పాటులోను ఉన్నది. 1947 నాటి నర్సింగు మండలి చట్టమునకు బదులుగా పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము చేసినది. వృత్తి హద్దులను మరల ఆలోచించుటకు ఇది తగిన అదను.

మీ నిచ్చెన మీకు తెలియును

రైల్వే సోదరులారా! అసిస్టెంటు లోకో పైలటుగా చేరినవాడు గూడ్సు బండికి, అటుపై పాసెంజరుకు, అటుపై మెయిలుకు ఎక్కును. ప్రతి మెట్టు వద్దను సర్వీసు, శిక్షణ, పరీక్ష, దృష్టి పరీక్ష కలవు. క్రొత్త మార్గమున బండి నడుపుటకు ముందు ఆ మార్గమును చూచి నేర్చుకొన్నట్లు సంతకము చేయవలెను. కె.కె. లైనులో కనుమల వంపులు, సొరంగములు తెలియనివానికి బండి నప్పగింతురా? అమెరికా పాఠశాల అడుగు ఐ.సి.యు. సంవత్సరము సరిగా అదియే. అది మార్గమును నేర్చిన సంతకము.

తపాలా సోదరులారా! గ్రామీణ డాక్ సేవకుడు శాఖాపరమైన పరీక్ష వ్రాసి పోస్టుమాను కాగలడు. పోస్టుమాను పరీక్ష వ్రాసి పోస్టల్ అసిస్టెంటు కాగలడు. ఈ నిచ్చెనలు ఎవరును దయతో ఇచ్చినవి కావు. సంఘములు అడిగి, నిలిచి, సాధించుకొన్నవి. మరి ఆసుపత్రి నర్సుకో? సీనియారిటీ వలన పదవి పేరు మారును, బాధ్యత పెరుగును, వ్రాత పని పెరుగును. చేతి నైపుణ్యమున పైకెక్కు మెట్టు మాత్రము కానరాదు. ఇరువది ఏండ్లు వెంటిలేటరు ప్రక్కన నిలిచిన నర్సు రిజిస్టర్ల మధ్య కూర్చొనుట "ప్రమోషను" అగుచున్నది.

ఆక్షేపణలకు సమాధానము

"నర్సు చేతిలో మత్తు పెట్టిన, పేదవానికి రెండవ తరగతి వైద్యము ఇచ్చినట్లగును" అని మత్తు వైద్యులు ఆక్షేపింతురు. ఈ మాటను మనము తేలికగా త్రోసివేయరాదు. పట్నమువానికి డాక్టరు, బాసగూడవానికి ఎవరైనను చాలునను విధానమును ఏ కార్మిక సంఘమును ఒప్పుకొనదు. 2014లో కోక్రేన్ సమీక్ష ఈ విషయముపై దొరికిన అధ్యయనములనన్నిటిని పరిశీలించి, డాక్టరు ఇచ్చిన మత్తు మేలా, డాక్టరు కానివారిచ్చిన మత్తు మేలా యని నిశ్చయముగ చెప్పుటకు ఆధారములు చాలవని తేల్చినది. నర్సు మేలని ఋజువు కాలేదు, నర్సు వలన కీడని కూడ ఋజువు కాలేదు.

కనుక మధ్యే మార్గములను చూడవలెను. ఫ్రాన్సులో నర్సులు 24 నెలల ప్రత్యేక శిక్షణ పొంది, మత్తు వైద్యుని ఆజమాయిషీలో మత్తు ఇచ్చుచున్నారు. స్వీడనులో నర్సింగు పట్టా పైన ఒక సంవత్సరపు ప్రత్యేక చదువు కలదు. మన పొరుగు నేపాలులో డాక్టర్లు చాలని కొండ జిల్లాలకై నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ నిచ్చి ఎనస్థీషియా అసిస్టెంట్లను తయారు చేసిరి. ఇవి అన్నియు బీద పద్ధతులు కావు. ఫ్రాన్సు, స్వీడను బీద దేశములు కావు గదా!

మన ఇంటిలోనే రెండు ఉదాహరణములు కలవు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2001లో మూడేండ్ల వైద్య కోర్సు పెట్టినది. వైద్య సంఘముల వ్యతిరేకత వలన అది కొద్ది ఏండ్లకే ఆగినను, అందులో చదివినవారు గ్రామీణ వైద్య సహాయకులుగా నియమింపబడిరి. ప్రాథమిక చికిత్సలో వారు ఎం.బి.బి.యస్. డాక్టర్లకు తీసిపోరని 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనము తెలిపినది. తెలంగాణలో 2017లో ప్రభుత్వ నర్సులు 30 మందికి కరీంనగరములో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభించిరి. సహజ ప్రసవములను తమ బాధ్యతపై నిర్వహింపగల నర్సులు ఆ దారిలో తయారైరి. శిక్షణ గట్టిదై, హద్దులు స్పష్టమై, పై డాక్టరు ఫోనులో అందుబాటున ఉన్నచో, నర్సు బాధ్యత మోయగలదని ఇవి చాటుచున్నవి.

మనము కోరవలసినది, చేయవలసినది

మొదటిది: క్రిటికల్ కేరు నర్సు ప్రాక్టీషనరు వంటి కోర్సు చదివిన నర్సుకు, దానికి తగిన పదవిని, జీతమును రైల్వే ఆసుపత్రులలోను, ప్రభుత్వ ఆసుపత్రులలోను కల్పింపవలెను. పోస్టు లేని చదువు, రైలు లేని స్టేషను వంటిది.

రెండవది: దాని పైన ఒక మెట్టుగా, మత్తు వైద్యుని ఆజమాయిషీలో పనిచేయు మత్తు నర్సు శిక్షణను, కఠినమైన పరీక్షతో, కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకముగ ఆరంభింపవలెను. ఫలితములను ప్రజల ముందు ఉంచవలెను. మంచి ఫలితము వచ్చిన విస్తరింపవలెను, చెడ్డ ఫలితము వచ్చిన నిలిపివేయవలెను.

మూడవది: 1972 నాటి కేంద్ర సివిలు సర్వీసుల సెలవు నియమములలో, ఐదేండ్ల సర్వీసు కలవారికి మొత్తము 24 నెలల వరకు స్టడీ లీవు ఇచ్చు వీలున్నది. ఆ నర్సు ప్రాక్టీషనరు కోర్సు సరిగా రెండేండ్లు. మంజూరు చేయుట అధికారి ఇష్టమునకు వదలక, ఏటేటా ఇంతమంది నర్సులకని నిర్ణయించి ఇయ్యవలెను.

నాలుగవది మన చేతిలోనిది. ప్రతి శాఖా సంఘమును తన సభ్యుల పిల్లలలో నర్సింగు చదువువారి జాబితా వ్రాయవలెను. డిప్లొమాతో ఆగినవారెవరు, పట్టాకు పోగలవారెవరు, ఆంగ్లమునకు సహాయము కావలసినవారెవరు అని గుర్తింపవలెను.

ఇది సంఘముల పని కాదని ఎవరైన అన్నచో, ఈ రాష్ట్రములోనే ఉన్న దల్లీ రాజహరాను చూపుడు. 1977 జూను మొదటి వారమున అక్కడి ఇనుప గనుల కార్మికులు 11 మంది పోలీసు కాల్పులలో మరణించిరి. వారి జ్ఞాపకార్థము, శంకర్ గుహా నియోగి నాయకత్వమున ఆ గని కార్మికుల సంఘము తన సభ్యుల చందాలతోను, చెమటతోను 1983లో షహీద్ ఆసుపత్రిని తెరచినది. కార్మికుల ఇండ్ల బిడ్డలకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలిపినది. ఇటుకలు మోసిన సంఘము అర్హతల జాబితా వ్రాయలేదా?

మిత్రులారా! మీ ప్రశ్నకు సమాధానము క్లుప్తముగా చెప్పి ముగింతుము. అమెరికా పాఠశాలకు పోవలెనన్న పట్టా, లైసెన్సు, అక్కడి ఐ.సి.యు.లో కనీసము ఒక సంవత్సరము, ప్రాణరక్షణ ధ్రువపత్రములు, మంచి మార్కులు కావలెను. పోగల బిడ్డను సంతోషముతో పంపుడు. పోలేని, పోనొల్లని బిడ్డ ఆ అర్హతలనే సంపాదించి, ఈ ఏటి ఒడ్డుననే ఒక తల్లి ప్రక్కన నిలిచి ఆమె ఊపిరిని కాచుటకు తగిన ఉద్యోగము, అధికారము, జీతము ఇచ్చట ఉండవలెనని అడుగుడు. నేడు బీజాపూరు, జగదల్‌పూరు, భద్రాచలము దారులలో పోవు ప్రతి అంబులెన్సును ఆ ఉద్యోగపు ఖాళీని మనకు గుర్తు చేయుచునే యున్నది.